దుమ్ముని కొలిచే చదువు

(మెడిసిన్, పబ్లిక్ హెల్త్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం విశాఖపట్నంలో ఏర్పాటైన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట తీరు మార్చకుండా రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఏసీ పనిచేయట్లేదని నిర్వాహకులు తెగ మొహమాటపడిపోతున్నారు గానీ, ఉక్కపోత కూడా మన సిలబస్‌లోదే, కాబట్టి దీన్ని ప్రాక్టికల్ క్లాసు అనుకోండి. (నవ్వులు)

నాకిచ్చిన టాపిక్ ఆక్యుపేషనల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌లో పీజీ చదువులు. కాలేజీలు, సీట్లు, ఉద్యోగాలు అన్నీ చెప్తాను, మీలో సగం మంది వాటికోసమే వచ్చారని నాకూ తెలుసు. కానీ ముందు ఈ చదువు మనిషికి ఏం పని నేర్పుతుందో చెప్పాలి. అది తెలియకుండా చేరినవాళ్ళు రెండేళ్ళయ్యాక చేతిలో ఒక ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) పట్టా పెట్టుకుని, ఏ ఉద్యోగానికి అప్లై చేయాలో తోచక తిరగడం చాలామంది విషయంలో చూశాను.

ఎంబీబీఎస్ వాళ్ళు ఒకసారి చేతులెత్తండి. సరే, బాగానే ఉన్నారు. మీ ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు ఉంటాయి. వృత్తి అనే గడి ఉంటే అందులో ఏం రాస్తారు? మగవాళ్ళయితే కూలీ, ఆడవాళ్ళయితే గృహిణి, అంతే కదా. (నవ్వులు) ఏం కూలీ? క్వారీలో డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకునే కూలీయా, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసే కూలీయా, ఫార్మా కంపెనీలో రియాక్టర్ లోపలికి దిగి కడిగే కూలీయా? ఆ గృహిణి ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోందా, పలాసలో జీడిపిక్కలు కొడుతోందా, ఆ జీడి రసానికి అరచేతుల తోలు ఊడిపోతోందా? 1700లో ఇటలీలో బెర్నార్డినో రామజ్జీని అనే డాక్టరు పనివాళ్ళ జబ్బుల మీద ఏకంగా ఒక పుస్తకం రాసి, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో 'నువ్వేం పని చేస్తావు' అన్నది కూడా చేర్చమన్నాడు. మూడు వందల ఏళ్ళు దాటిపోయాయి, మన చీటీలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై ఐదేళ్ళ మనిషి ఆయాసంతో, పొడిదగ్గుతో వస్తాడు, బరువు తగ్గిపోయాడు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో చుక్కలు చుక్కలుగా నీడలు. కఫం పరీక్ష నెగటివ్. అయినా టీబీ మందులు మొదలుపెడతారు, ఎందుకంటే మన దగ్గర ఎక్స్‌రేలో పైన మచ్చ కనపడితే ముందు గుర్తొచ్చేది టీబీయే. ఆర్నెల్లు వాడతాడు, తగ్గదు. ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు మళ్ళీ మొదటి నుంచీ వాడమంటాడు. ఆ మనిషి పదిహేనేళ్ళు కంకర క్రషర్ దగ్గర పనిచేశాడన్న సంగతి మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. ఇది సిలికోసిస్. రాయిలో ఉండే క్వార్ట్జ్ పొడిలో బాగా సన్నటిది, అంటే కొన్ని మైక్రాన్ల సైజులో ఉండేది, గాలిగదుల దాకా పోతుంది. అక్కడ శుభ్రం చేయడానికి వచ్చిన మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగి అవే చచ్చిపోతాయి, ఆ గొడవలో ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. పని మానేసినా జబ్బు ముదురుతూనే పోవచ్చు, పోయిన ఊపిరితిత్తిని వెనక్కి తెచ్చే మందు లేదు. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తికి నిజంగానే టీబీ తొందరగా సోకుతుంది, రెండూ కలిసే ఉండొచ్చు, కాబట్టి ఆ మొదటి డాక్టరుని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు.

ఛాతీ డాక్టరు ఈ మనిషికి ఆక్సిజన్ ఇస్తాడు, ఇన్‌హేలర్ ఇస్తాడు, చేయగలిగింది చేస్తాడు. మన పని ఆ తర్వాత మొదలవుతుంది. అదే క్రషర్ దగ్గర ఇవాళ ఇంకా ఇరవై మంది ఉన్నారు. వాళ్ళు పీల్చే గాలిలో దుమ్మెంత, ఆ దుమ్ములో క్వార్ట్జ్ ఎంత, అది ఏ మెషిన్ దగ్గర్నుంచి వస్తోంది, దాన్ని ఎలా ఆపాలి. ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పగలిగితే మీకు ఈ చదువు వచ్చినట్టు. చెప్పలేకపోతే గోల్డ్ మెడల్ వచ్చినా రానట్టే, నా లెక్కలో.

ఎలా కొలుస్తామో కొంచెం వివరంగా చెప్తాను, బోరు కొడితే చెప్పండి. పనివాడి నడుముకి బెల్టుతో చిన్న పంపు కడతాం. దాన్నుంచి ప్లాస్టిక్ ట్యూబు వీపు మీదుగా భుజం మీదకి తెచ్చి, కాలరుకి ఒక ఫిల్టర్ క్యాసెట్ తగిలిస్తాం. అది ముక్కుకి, నోటికి ఒక అడుగు లోపే ఉండాలి, ఎందుకంటే మనకి కావలసింది ఆ మనిషి పీల్చే గాలి, యార్డు మధ్యలో స్టాండు మీద పెట్టిన మెషిన్ పీల్చే గాలి కాదు. క్యాసెట్ కింద సైక్లోన్ అని ఒక బుల్లి పరికరం ఉంటుంది, అది లావు దుమ్ముని పక్కకి విసిరేసి సన్నటిదాన్ని మాత్రమే ఫిల్టర్ దాకా పోనిస్తుంది. నైలాన్ సైక్లోన్ అయితే పంపు నిమిషానికి 1.7 లీటర్ల గాలి లాగాలి. అంతకన్నా ఎక్కువ లాగినా తక్కువ లాగినా దుమ్ము సైజు లెక్క మొత్తం తప్పుతుంది, అందుకే పంపు తగిలించే ముందు ఒకసారి, దింపాక ఒకసారి క్యాలిబ్రేట్ చేస్తాం.

ఎనిమిది గంటల షిఫ్టు అంటే 480 నిమిషాలు, దాన్ని 1.7తో గుణిస్తే 816 లీటర్లు, అంటే 0.816 ఘనపు మీటర్ల గాలి. ఫిల్టర్‌ని ముందూ తర్వాతా తూస్తే బరువు 0.6 మిల్లీగ్రాములు పెరిగిందనుకోండి. భాగిస్తే ఘనపు మీటరుకి సుమారు 0.74 మిల్లీగ్రాములు. అదే ఫిల్టర్‌ని ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి పంపితే అందులో క్వార్ట్జ్ 30 శాతం అని తేలిందనుకోండి. మన పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో ఒక సూత్రం ఉండేది: క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి, పదిని దానితో భాగించాలి. 10ని 32తో భాగిస్తే 0.31. మన క్రషర్ మనిషి పీల్చింది 0.74, అంటే పరిమితికి రెండింతలు దాటిపోయింది. అమెరికాలో 2016లో తెచ్చిన రూలు ప్రకారం ఒట్టి క్వార్ట్జ్‌నే లెక్కలోకి తీసుకుంటారు, ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములు మించకూడదు. మన మనిషి పీల్చిన క్వార్ట్జ్ 220 మైక్రోగ్రాములు, వాళ్ళ లెక్కన నాలుగింతల పైమాటే. ఈ ఉదాహరణలో మన పాత చట్టం ఒప్పుకున్న క్వార్ట్జ్ దాదాపు 94 మైక్రోగ్రాములు, అంటే వాళ్ళ పరిమితికి దగ్గర దగ్గర రెట్టింపు. ఒకే రాయి, ఒకే ఊపిరితిత్తి, రెండు దేశాల్లో రెండు పరిమితులు. ఎందుకలా అని మీకు కోపం వస్తే మంచిదే, పరిమితులు ఎవరు పెడతారో, ఎలా పెడతారో అన్నది ఈ కోర్సులో ఒక పేపరు మొత్తం ఉంటుంది.

లెక్క సులువే. ఫీల్డ్‌లో జరిగేది వేరు. మనం వస్తున్నామని ముందురోజే తెలిసి యార్డంతా ట్యాంకరుతో నీళ్ళు కొట్టిస్తారు. ఆ రోజు క్రషర్ సగం లోడుతో నడుస్తుంది. పంపు చప్పుడు చికాకనిపించి మనవాడు దాన్ని విప్పి మేకుకి తగిలించి టీకి పోతాడు, లేదా మంచి మనసుతో ఎక్కువ దుమ్ము రావాలని దులిపిన గుడ్డ పక్కన పెడతాడు. (నవ్వులు) అందుకని మనం కూడా షిఫ్టంతా అక్కడే నిలబడి, ఎన్నింటికి డ్రిల్లింగు, ఎన్నింటికి లోడింగు, గాలి ఎటు వీస్తోంది, అన్నీ నోట్ చేసుకోవాలి. ఆ నోటుపుస్తకం లేని రీడింగు కాగితం మీద అంకె, అంతే.

కొలిచాక ఏం చేయాలి? అందరూ చెప్పే జవాబు మాస్కు. మాస్కు అన్నిటికన్నా ఆఖరిది. ముందు ఆ ప్రమాదాన్ని తీసేయగలమా, లేకపోతే ఇంకోటి వాడగలమా, అదీ కుదరకపోతే మెషిన్‌కి మూతపెట్టి దుమ్ముని పుట్టినచోటే లాగేయగలమా, నీళ్ళు కొట్టి అణచగలమా, అప్పుడు పనిగంటలు మార్చడం, ఆ తర్వాత మాస్కు. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్ అని ఒక ఊరుంది, బలపాల ఫ్యాక్టరీలకి పేరు, అక్కడి పనివాళ్ళ సిలికోసిస్ మీద అహ్మదాబాద్ ఎన్ఐఓహెచ్ (జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ) వాళ్ళు పనిచేశారు. బలపాలు కోసే చోటే ఎగ్జాస్ట్ బిగిస్తే దుమ్ము ఎంత తగ్గుతుందో అక్కడ కొలిచి చూపించారు. మన మార్కాపురం పలకలకి అంత పేరు, చిన్నప్పుడు మీలో ఎవరో ఒకరు ఆ పలక మీద దిద్దే ఉంటారు, ఆ పలకలు కోసినవాళ్ళ ఊపిరితిత్తుల సంగతి మాత్రం మనకెవరికీ పట్టలేదు. మే నెలలో, నలభై రెండు డిగ్రీల ఎండలో, ముక్కుకి బిగుతుగా పట్టే ఎన్95 పెట్టుకుని బండ పగలగొట్టమని చెప్పేవాళ్ళు ముందు ఒక గంట తాము పెట్టుకుని చూడాలి.

ఇప్పుడు ఎవరూ క్లాసులో సరిగా చెప్పని విషయం. మీరు కంపెనీ డాక్టరుగా చేరారనుకోండి. జీతం ఇచ్చేది మేనేజ్‌మెంటు. పరీక్ష చేసేది పనివాడికి. స్పైరోమెట్రీలో ఊపిరి తగ్గిందని తేలింది. ఆ రిపోర్టు ఎవరిది? అంతర్జాతీయంగా ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్ళకి ఐకో అని ఒక సంస్థ ఉంది, దాని నియమావళి ప్రకారం జబ్బు వివరాలు పనివాడివి, మేనేజ్‌మెంటుకి చెప్పాల్సింది ఈ పనికి ఫిట్టా, కాదా, ఏమైనా మార్పులు కావాలా, అంతవరకే. కానీ మన దగ్గర 'అన్‌ఫిట్' అని రాస్తే ఏమవుతుందో తెలుసుగా, కాంట్రాక్టు లేబర్ అయితే మర్నాడు గేట్ పాస్ పనిచేయదు. దుమ్ము అక్కడే ఉంటుంది, మనిషి మారతాడు. అందుకే చాలామంది పనివాళ్ళు డాక్టరు ముందు దగ్గు ఆపుకుంటారు. నిజంగా ఆపుకుంటారు, ముఖం ఎర్రబడిపోయేదాకా. జబ్బు పేరు పెట్టడం వల్ల ఆ మనిషికి మేలు జరగాలంటే దాని వెనక పరిహారం ఉండాలి. రాజస్థాన్ 2019లో న్యూమోకోనియోసిస్ (దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు) పాలసీ తెచ్చింది, సిలికోసిస్ అని సర్టిఫై అయితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు. ఆ డబ్బు చాలుతుందా అంటే చాలదు, కానీ దాని వల్ల పనివాడు తనంతట తానే వచ్చి పరీక్ష చేయించుకునే కారణం ఒకటి దొరికింది. జబ్బులు లేవని చెప్పే రాష్ట్రాల్లో నిజంగా జబ్బులు లేవా, చూసేవాళ్ళు లేరా అన్నది మీరే ఆలోచించుకోండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1984 డిసెంబర్‌లో భోపాల్ జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకరమైన ప్రక్రియల మీద ఒక కొత్త అధ్యాయం పెట్టారు, పనివాళ్ళ ఆరోగ్య రికార్డులు, అర్హతలున్న డాక్టరు, ఇవన్నీ అప్పుడొచ్చినవే. 1995లో ఆస్బెస్టాస్ కేసులో సుప్రీంకోర్టు పనివాడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని చెప్పింది, ఆరోగ్య రికార్డుల్ని ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా ఉద్యోగం వదిలాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అన్నాళ్ళు దాచమంది. ఎందుకంత కాలం అంటే ఆస్బెస్టాస్ క్యాన్సర్ బయటపడటానికే ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది. 2025 నవంబర్ 21 నుంచి ఆ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది, దాని కింద నలభై దాటిన పనివాళ్ళకి ఏటా ఉచిత వైద్య పరీక్ష అని ప్రభుత్వం చెప్పింది. ఆ పరీక్షలు చేసేవాళ్ళు కావాలి కదా. బీపీ చూసి, షుగర్ చూసి, ఫిట్ అని స్టాంపు వేస్తే అది వృత్తి ఆరోగ్య పరీక్ష అవదు. సాల్వెంట్లతో పనిచేసేవాడికి ఏం చూడాలి, సీసంతో పనిచేసేవాడికి ఏం చూడాలి, పెద్ద చప్పుడులో పనిచేసేవాడికి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) పొద్దున షిఫ్టు ముందే ఎందుకు చేయాలి, ఇది తెలిసినవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో చాలా తక్కువ.

ఇక ఎన్విరాన్‌మెంటల్ అన్న సగం. ఫ్యాక్టరీ గోడ లోపల ఉంటే ఆక్యుపేషనల్, బయటికొస్తే ఎన్విరాన్‌మెంటల్ అని పుస్తకాలు విడదీస్తాయి, గాలికి ఆ తేడా తెలీదు. వైజాగ్‌లో కూర్చుని దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. 2020 మే 7, తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకయింది, 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో రోజుల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకులో పైభాగం వేడెక్కుతూ పోయింది, స్టైరీన్ తనలో తాను గొలుసుకట్టుకోవడం మొదలుపెట్టింది, దాంతో ఇంకా వేడి. ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ట్యాంకు అడుగున ఉంది, పై పొరల్లో లేదు. ఎక్కడ కొలిచారు, ఎక్కడ కొలవలేదు అన్నదాని మీద ప్రాణాలు ఆధారపడతాయి అనడానికి ఇంతకన్నా ఏం చెప్పను.

ఆ తర్వాతి భాగం కూడా మన చదువులోదే. ఒక మనిషి స్టైరీన్ పీల్చాడా, ఎంత పీల్చాడు అన్నది మూత్రంలో మాండెలిక్ యాసిడ్ (స్టైరీన్ ఒంట్లో మారి అయ్యేది) చూసి చెప్పొచ్చు. కానీ అది శరీరంలో ఎక్కువ కాలం నిలవదు, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పోతుంది. నెల తర్వాత మెడికల్ క్యాంపు పెట్టి శాంపిల్ తీసి, నార్మల్ అని రాస్తే, ఆ రిపోర్టు ఆ మనిషికి ఎప్పటికీ అడ్డమే. 'నీకేం కాలేదు' అని ప్రభుత్వ కాగితం మీదే ఉంటుంది మరి. ఏ పరీక్ష, ఏ గంటలో చేయాలి అన్నది టాక్సికాలజీ క్లాసులో నేర్పిస్తారు, ఆ క్లాసులో నిద్రపోకండి.

మన నేల మీద ఇంకా చాలా ఉన్నాయి. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, దర్శి, పొదిలి, కనిగిరి వైపు పళ్ళు గారపట్టి, వెన్నుముక కట్టెలా బిగుసుకుపోయిన మనుషుల్ని చూసి షార్ట్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు అది నీటిలోని ఫ్లోరైడ్ వల్లేనని రాశారు. తర్వాత నల్లగొండ పేరే ఫ్లోరోసిస్‌కి గుర్తయిపోయింది, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు నల్గొండ టెక్నిక్ అని పేరు కూడా పెట్టారు. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 1970లలో ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లలకి మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. అంటే నీళ్ళే కాదు, తిండి, అందులో ఉండే లోహాలు కూడా కలుస్తాయి అని అప్పుడే ఆలోచన మొదలైంది. పొయ్యి పొగ తీసుకోండి: చెన్నై శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థలో కల్పనా బాలకృష్ణన్ గారి బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్ళలో వంటింటి దుమ్ముని కొలిచింది, 2004లో అచ్చయింది. దేశంలో వంటచెరకు పొగ గురించి ఇవాళ మనం మాట్లాడే చాలా మాటల కింద అలాంటి కొలతలున్నాయి. అవి మన అమ్మమ్మల ఇళ్ళు.

శ్రీకాకుళం వైపు ఉద్దానం గురించి అడుగుతారని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఆ కొబ్బరి తోటల మధ్య కిడ్నీ జబ్బు. షుగరూ లేదు, బీపీ అంతకుముందు లేదు, అయినా కిడ్నీలు పోతున్నాయి. నీళ్ళలో ఏదో ఉందని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం, దానిమీద నొప్పి మాత్రలు వేసుకోవడం అని కొందరు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో వచ్చాయి, బోర్ల బదులు దూరం నుంచి నీళ్ళు తెచ్చే ప్రాజెక్టూ వచ్చింది. కానీ పీజీ విద్యార్థిగా మీకు చెప్పాల్సింది ఇంకోటుంది. ఒక్కసారి ఊళ్ళోకి పోయి ఎంతమందికి జబ్బుందో లెక్కపెడితే ఎంతమందికుందో తెలుస్తుంది, ఎందుకొచ్చిందో తెలీదు. జబ్బు రాని కుర్రాళ్ళని ఏళ్ళ తరబడి వెంబడించాలి, పనిలోకి వెళ్ళేముందు, వచ్చాక క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది) చూడాలి, వాళ్ళు తాగిన నీళ్ళు, చేసిన పని, పడ్డ ఎండ కొలవాలి. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోత కూలీల్లో ఇలాంటి కిడ్నీ జబ్బే ఉంటే, అక్కడ ఎండ వేడిని గట్టిగా అనుమానించి నీళ్ళు, నీడ, విశ్రాంతి అని పనివేళలే మార్చి చూశారు. ఉద్దానానికి అదే జవాబని నేననట్లేదు, కొబ్బరి తోట నీడ వేరు, చెరకు తోట ఎండ వేరు. ఆ పద్ధతిలో ప్రశ్న అడగడం మాత్రం నేర్చుకోవచ్చు.

సరే, కాలేజీలు. ఎంబీబీఎస్ అయినవాళ్ళకి తొందరగా అయ్యేది ఏఎఫ్ఐహెచ్, అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్, మూడు నెలల కోర్సు. కేంద్ర కార్మిక శాఖ కింద డీజీఫాస్లీ నడిపిస్తుంది, ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై లాంటి చోట్ల రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి. ప్రమాదకర ఫ్యాక్టరీలో డాక్టరుగా చేరాలంటే అడిగేది ఈ సర్టిఫికెట్‌నే. పనికొస్తుంది, చేయండి, కానీ మూడు నెలల్లో వచ్చేంతే వస్తుంది. ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ చేస్తే ఆక్యుపేషనల్ హెల్త్ ఒక భాగం, మీ డిపార్ట్‌మెంటులో ఆసక్తి ఉన్న గైడ్ దొరికితే అదృష్టం. ఎంపీహెచ్ అయితే చాలా చోట్ల ఉంది, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది. ప్రత్యేకంగా ఆక్యుపేషనల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అనే కావాలంటే మన చుట్టుపక్కల చెన్నై శ్రీరామచంద్ర పేరు ముందు చెప్పాలి, అక్కడ సొంత ల్యాబు ఉంది, ఎండ వేడి మీద, ఉప్పు మడుల కూలీల కిడ్నీల మీద కూడా పనిచేస్తున్నారు. రీసెర్చ్ అయితే అహ్మదాబాద్ ఎన్ఐఓహెచ్, 1966లో మొదలైంది, తర్వాత బెంగళూరులో, కోల్‌కతాలో ప్రాంతీయ కేంద్రాలు పెట్టింది.

కోర్సు ఎంచుకునేటప్పుడు నా సలహా ఒకటే. వెబ్‌సైట్‌లో బిల్డింగు ఫొటో చూడకండి. పాత విద్యార్థికి ఫోన్ చేసి, 'మీ చేత పంపు క్యాలిబ్రేట్ చేయించారా, ఎన్ని ఫ్యాక్టరీల్లో షిఫ్టంతా నిలబెట్టారు, ఫిల్టర్లు మీరే తూశారా' అని అడగండి. 'మాకు పీపీటీలో చూపించారండీ' అంటే ఆ ఫీజు మిగుల్చుకోండి. (నవ్వులు)

అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళకి: అక్కడ 1970 వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం తర్వాత నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ డబ్బుతో ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్లు వచ్చాయి, సిన్సినాటి, అయోవా, వాషింగ్టన్, మిషిగన్, ఇల్లినాయ్ షికాగో యూనివర్సిటీల్లాంటి చోట్ల ఉన్నాయి. అయోవా వ్యవసాయ పనివాళ్ళ ఆరోగ్యానికి బాగా పేరున్నది. ఒక సంగతి ఏ కన్సల్టెన్సీవాడూ చెప్పడు: నియోష్ ట్రెయినీషిప్ డబ్బులు మామూలుగా అక్కడి పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి కాదు. పైగా 2025 ఏప్రిల్‌లో నియోష్‌లో పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీసేశారు, తర్వాత చాలామందిని వెనక్కి పిలిచారు గానీ ఆ కుదుపు ఇంకా ఉంది. అసిస్టెంట్‌షిప్ రాకపోతే ఎంత అప్పవుతుందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని వెళ్ళండి. అక్కడ సీఐహెచ్ (సర్టిఫైడ్ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్) అనే సర్టిఫికేషన్‌కి విలువ ఎక్కువ, దానికి డిగ్రీతో పాటు ఏళ్ళ అనుభవం కావాలి, వెళ్ళిన వెంటనే వచ్చేది కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

(బీటెక్ విద్యార్థిని: సర్, నేను ఎంబీబీఎస్ కాదు. ఈ ఫీల్డ్‌లో డాక్టర్ల కింద పనిచేయాల్సిందేనా?)

లేదమ్మా. దుమ్ము కొలిచేది, ఎగ్జాస్ట్ డిజైన్ చేసేది డాక్టరు కాదు, ఇండస్ట్రియల్ హైజీనిస్ట్, అది కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ వాళ్ళ పని. డాక్టరు జబ్బు వచ్చాక చూస్తాడు, నువ్వు రాకముందే ఆపుతావు. నన్నడిగితే మీ పనే పెద్దది, మా వాళ్ళు వింటే తిడతారు గానీ. (నవ్వులు) మన ఫార్మా కంపెనీలకే హైజీనిస్టులు కావాలి, మందు పొడి పీలిస్తే పనివాడికే ఆ మందు ఎక్కుతుంది కదా, హార్మోన్లు, క్యాన్సర్ మందులు చేసేచోట అది మామూలు విషయం కాదు.

(హౌస్ సర్జన్: సర్, జీతాలు ఎలా ఉంటాయి? క్లినికల్‌తో పోలిస్తే?)

ఆశించినవాళ్ళకి తక్కువే. పెద్ద ఆయిల్ కంపెనీలు, స్టీలు, పెద్ద ఫార్మా బాగానే ఇస్తాయి, మిగతాచోట్ల మధ్యస్థంగా ఉంటుంది, సొంత ప్రాక్టీసులో వచ్చేంత రాదు. నైట్ డ్యూటీలు తక్కువ, కానీ టెన్షన్ లేదనుకోకండి, యాక్సిడెంటు అయిన రోజు మేనేజర్ మీ ఎదురుగా కూర్చుని 'చిన్న దెబ్బే అని రాయండి డాక్టర్ గారూ' అంటాడు. ఆ రోజు ఏం రాస్తారో ఇప్పుడే అనుకుని ఉంచుకోండి, అప్పటికప్పుడు తట్టదు.

(ఎంపీహెచ్ విద్యార్థి: డిసర్టేషన్‌కి ఏ టాపిక్ మంచిదంటారు సార్?)

తక్కువ ఖర్చులో కావాలంటే ఎండ తీసుకో బాబూ. డబ్ల్యూబీజీటీ అని ఒక మీటరు, తడిగుడ్డ కట్టిన థర్మామీటరు, నల్ల గోళం, మామూలు థర్మామీటరు, ఈ మూడూ కలిపి లెక్క: తడిదానికి 0.7, గోళానికి 0.2, మామూలుదానికి 0.1. అంటే మనిషిని దెబ్బతీసేది ముఖ్యంగా ఉక్క అని ఆ లెక్కే చెప్తోంది, టీవీలో చెప్పే 43 డిగ్రీలు దీనికి చాలదు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీలకి వెళ్ళు. అక్కడ పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలతో వస్తారు, అడ్వాన్సు తీసుకుని. ఎథిక్స్ కమిటీ అనుమతి, యజమానితో మాట, మేస్త్రీతో మాట, మూడూ కావాలి, మూడోదే కష్టం. ప్రశ్నాపత్రం తెలుగులో తయారుచేసుకుని పోతే మాత్రం ఎవరూ జవాబు చెప్పరు, ఒడియాలో ఉండాలి, చదివి వినిపించేవాళ్ళు కావాలి. మీలో ఒడియా వచ్చినవాళ్ళు, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే టీ దగ్గర ఇతన్ని కలవండి, వచ్చే వేసవికి పని ఉంది.